లీటరుకి పదమూడు

"స్వామీ, జీపు ఘోరంగా తాగేస్తోంది" అన్నాడు సన్యాసిరావు.

ఆశ్రమానికి గురువైన తాతస్వామి వసారాలో కూర్చుని చింతపండులో పిక్కలు తీస్తున్నాడు. తలెత్తి, "ఏం తాగుతోంది?" అన్నాడు.

"డీజిలు స్వామీ. ట్యాంకు నిండా కొట్టించి, తిరిగి, మళ్ళీ నిండా కొట్టించి చూశాను. లీటరుకి ఆరు కిలోమీటర్లు. ఆరంటే ఆరే!"

ఆశ్రమం మన్యంలో, కొండమీద ఉంది. ఆ దారిన బస్సు రాదు. కాఫీతోటల ఆసామి ఒకాయన తన దగ్గర పాతబడిపోయిన ఫోర్ వీల్ జీపుని ఆశ్రమానికి దానమిచ్చాడు. ఇస్తూ ఇస్తూ, "బంగారంలాంటి బండి, లీటరుకి పన్నెండుకి తగ్గదు" అన్నాడు. వదిలించుకునే బండిని ఎవరైనా అలాగే పొగుడుతారు. చాలా ఏళ్ళు మరిడయ్య అనే పాత శిష్యుడు దాన్ని నడిపాడు. అతనికి ఏ రోజూ లెక్క చూడాలని తోచలేదు. ఆశ్రమం ఇచ్చే మందులు పైఊళ్ళకి తీసుకెళ్ళేవాడు. కిందికి దిగేటప్పుడు జ్వరాలవాళ్ళనీ, కాలు విరిగినవాళ్ళనీ, సంతకి పోయే కోళ్ళగంపల్నీ ఎక్కించుకునేవాడు. అతని కళ్ళకి శుక్లాలొచ్చాక తాళాలు సన్యాసిరావు చేతికొచ్చాయి.

సన్యాసిరావుకి ఆ పేరు ఆశ్రమంలో పెట్టింది కాదు, కన్నవాళ్ళే పెట్టారు. అనకాపల్లి వైపు ఆ పేరు మామూలే. ఎందరో సన్యాసిరావులు పెళ్ళిళ్ళు చేసుకుని, పిల్లల్ని కని, హాయిగా ఉన్నారు. ఇతనొక్కడూ నలభయ్యో ఏట పేరు నిలబెట్టాడు. అంతకు ముందు విశాఖలో ఒక కంపెనీలో, ఎక్కడెక్కడ ఖర్చు తగ్గించవచ్చో కనిపెట్టే ఉద్యోగం చేసేవాడు. ఉద్యోగాన్ని అతను వదిలేశాడు గాని, అది అతన్ని వదల్లేదు.

"ఎంత ఇవ్వాలంటావు?" అన్నాడు తాతస్వామి.

"పన్నెండు ఇవ్వాలి. మరి సగం డీజిలు ఎటు పోతున్నట్టు స్వామీ? భక్తులు పైసా పైసా కూడబెట్టి ఇచ్చింది. నాకు నిద్ర పట్టడం లేదు."

"సరే, చూడు మరి" అని తాతస్వామి మళ్ళీ పిక్కల్లో పడ్డాడు.

సన్యాసిరావు చూశాడు. నిజం చెప్పాలంటే మొదట్లో బాగానే చూశాడు. టైర్లలో గాలి సరిగ్గా పెట్టించాడు. మసిబారిన ఫిల్టరు మార్పించాడు. పొగ ఎక్కువ వస్తోందని పంపు బాగుచేయించాడు. ఎనిమిది వచ్చింది. అక్కడితో ఆగి ఉంటే ఈ కథ చెప్పుకునే పనే ఉండేది కాదు.

ఎనిమిది వచ్చాక అతనికి రుచి తగిలింది. జీపు వెనక సీట్లు బరువని పీకించి గోశాలలో పడేశాడు. ముందు చక్రాల మధ్యన బిళ్ళల్లాంటివి రెండుంటాయి. కిందికి దిగి వాటిని చేత్తో తిప్పితేనే ఇంజను బలం ముందు చక్రాలకీ అందుతుంది, బురదలో బండి లేస్తుంది. కాని అలా తిప్పితే డీజిలు ఎక్కువ అవుతుంది. తిప్పడం మానేశాడు. బురద ఉన్న ఊళ్ళకి వెళ్ళడమూ దాంతోపాటే మానేశాడు. దారి బాగున్నంతవరకే వెళ్ళి అక్కడ హారన్ కొట్టేవాడు. మందులు కావలసినవాళ్ళు దిగి రావాలి. ఘాటీ రోడ్డులో కొండ దిగేటప్పుడు ఇంజను ఆపేసి బండిని వాలున వదిలేసేవాడు. ఎవరైనా చెయ్యెత్తితే ఆపేవాడు కాదు. ఆపితే ఊపు పోతుంది, ఎక్కితే బరువు పెరుగుతుంది.

ఏకాదశినాడు జీపుకి కూడా ఉపవాసం పెట్టాడు. ఆ రోజు తాళం తీసేది లేదు. చివరికి తన బరువు కూడా లెక్కలోకి వస్తుందని రాత్రి భోజనం మానేశాడు. ఎంత వైరాగ్యమో అని ఆశ్రమమంతా మెచ్చుకుంది. ఆ వైరాగ్యం ఎవరి కోసమో జీపుకి తెలుసు.

పదకొండు వచ్చింది. పన్నెండు వచ్చింది. శ్రావణమాసం వచ్చేసరికి పదమూడు వచ్చింది.

ఆ సంగతి సాయంత్రం భజన అయ్యాక అందరిముందూ చెప్పాడు. చప్పట్లు కొట్టారు. విశాఖనుంచి వచ్చిన భక్తుడొకాయన, "ఇంత పాత ఫోర్ వీల్ బండి, కొండమీద పదమూడా? అసాధ్యం!" అని నోరు వెళ్ళబెట్టాడు. సన్యాసిరావు కళ్ళు దించుకున్నాడు. అణకువగా కనపడటం కూడా అతను బాగానే నేర్చుకున్నాడు.

"అంతా తమ దయ. ఇదీ ఒక రకం ఇంద్రియ నిగ్రహమే కదా స్వామీ" అన్నాడు.

తాతస్వామి ఖాళీ వసారావైపు చూస్తున్నాడు. ఒకప్పుడు ఆ వేళకి మందుల కోసం వచ్చిన జనంతో అక్కడ కాలు పెట్టే చోటుండేది కాదు.

"ఈ మధ్య ఎవరూ రావడం లేదేం?" అన్నాడు.

"జనం ఆరోగ్యంగా ఉన్నట్టున్నారు స్వామీ."

తాతస్వామి అతనివైపు తిరిగాడు. "ఎల్లుండి బియ్యానికి దిగుతావు కదా, నేనూ వస్తాను. నీ పదమూడు నేనూ చూస్తాను" అన్నాడు.

సన్యాసిరావుకి కాళ్ళు నేలమీద ఆనలేదు. గురువు చూడబోతున్నాడు. లెక్కలో ఇసుమంత తేడా రాకూడదు. మర్నాడు పొద్దున్నే, వాన పడుతున్నా సరే, పనిగట్టుకుని కిందికి దిగి, ట్యాంకు మూతిదాకా డీజిలు కొట్టించుకుని వచ్చాడు.

ఆ మరునాడు ఇద్దరూ బయల్దేరారు. ముసురు పట్టి ఉంది. తాతస్వామి కంబళి కప్పుకుని ముందు సీట్లో కూర్చున్నాడు. వెనక బియ్యంబస్తాలకి ఖాళీ రేకు తప్ప ఏమీ లేదు. ఘాటీ మొదలవగానే సన్యాసిరావు ఇంజను ఆపేశాడు. బండి వాలున జారడం మొదలెట్టింది. చక్రాల కింద నీళ్ళ చప్పుడు తప్ప ఇంకేమీ వినపడటం లేదు.

"చప్పుడు లేదేం?" అన్నాడు తాతస్వామి.

"ఇంజను ఆపేశాను స్వామీ. దిగుడుకి డీజిలెందుకు?"

"బ్రేకు పడుతుందా?"

"గట్టిగా తొక్కితే పడుతుంది" అన్నాడు సన్యాసిరావు గర్వంగా.

రెండు మలుపులు తిరిగాక రోడ్డు పక్కన ఒక ముసలామె కనిపించింది. నెత్తిన గోనెసంచి గుడిసెలా వేసుకుంది. చంకలో ఏడెనిమిదేళ్ళ పిల్ల. ఆ వయసు పిల్లని చంకనెత్తుకున్నారంటే పిల్ల నడిచే స్థితిలో లేదన్నమాట. ముసలామె రెండో చెయ్యెత్తింది. సన్యాసిరావు కాలు బ్రేకు మీదికి పోలేదు.

"ఆపు" అన్నాడు తాతస్వామి.

"స్వామీ, ఇక్కడ ఆపితే..."

"ఆపు."

రెండు కాళ్ళతో తొక్కితే ఆమెని దాటి చాలా దూరం పోయాక బండి ఆగింది. ముసలామె పిల్లని మోసుకుంటూ పరుగెత్తుకొస్తోంది.

"ఒక మనిషి ఎక్కితే నీ లెక్కలో ఎంత తగ్గుతుంది?" అన్నాడు తాతస్వామి.

సన్యాసిరావు, పాపం, నిజంగానే ఆలోచించాడు. "అర కిలోమీటరుదాకా తగ్గొచ్చు స్వామీ. ఇవాళొక్కరోజూ వద్దు. మీరు చూడాలని..."

తాతస్వామి తలుపు తీసుకుని వానలోకి దిగాడు. రొప్పుతూ వచ్చిన ముసలామెని ఎగాదిగా చూశాడు. పిల్లని చూశాడు.

"నేనెంత బరువుంటాను?" అని సన్యాసిరావుని అడిగాడు.

"యాభై... యాభై ఉంటారేమో స్వామీ."

"వీళ్ళిద్దరూ కలిసి అంతే ఉంటారు. ఎక్కమ్మా."

ముసలామె ఎక్కింది. తాతస్వామి తన కంబళి తీసి పిల్లకి కప్పాడు. "ఇది నాతో వచ్చిందే కదా, దీని బరువు కొత్తగా కలవదు" అని తలుపు వేశాడు.

సన్యాసిరావు తలుపు తోసుకున్నాడు. ఒక్క ఉదుటున కిందికి దిగి అటువైపు పరిగెత్తాడు. "స్వామీ! ఇదేమిటి! మీరు ఎక్కండి, వెనక కూర్చోండి, నేను..."

"అప్పుడు బరువు పెరుగుతుంది నాయనా."

"పెరగనివ్వండి స్వామీ!"

"నెలల తరబడి పట్టిన వ్రతం. నా మూలంగా ఎందుకు చెడాలి?" ఆ మాటలో ఎక్కడా వెటకారం లేదు. ఉంటే సన్యాసిరావు తట్టుకునేవాడు. "మీరు పదండి. నేను వెనకాల నడిచొస్తాను. పిల్ల ఒళ్ళు కాలిపోతోంది, ఆలస్యం చెయ్యకు."

డెబ్బయ్యారేళ్ళ మనిషి. పంచె మోకాళ్ళదాకా తడిసిపోయింది. పిల్ల మూలుగు విని సన్యాసిరావు ఇక నిలబడలేకపోయాడు. బండెక్కాడు. ఇంజను స్టార్టు చేశాడు. అద్దంలో తాతస్వామి చేతులు వెనక్కి కట్టుకుని, నింపాదిగా దిగుతూ కనిపించాడు. మలుపు తిరగ్గానే కనపడలేదు.

సన్యాసిరావు అద్దంలోకి మళ్ళీ మళ్ళీ చూస్తున్నాడు.

"పిల్లకి ఎన్నాళ్ళబట్టి జ్వరం?" అన్నాడు చివరికి.

"నాలుగు దినాలయ్యింది బాబూ. నా మనవరాలు. దీనికి తల్లి లేదు." ముసలామె కంబళి సర్దింది. "నిన్న కూడా తెచ్చేను బాబూ రోడ్డుమీదికి. ఈ బండే ఎల్లిపోనాది."

సన్యాసిరావు ఆమెవైపు తిరిగాడు.

"సెయ్యెత్తినాను. కేకేసినాను. సడీ సప్పుడూ లేకుండా జారిపోనాది బండి. నిన్న పిల్ల మాటాడీది బాబూ. దూరాన్నించే సూసి, 'మామ్మా, సామి బండి' అన్నాది. రేతిరినించే ఇలగ కళ్ళు ముయ్యడం."

అవును, నిన్న. ఆ మలుపులోనే. వానలో ఎవరో చెయ్యెత్తారు. చూశాడు. చూడలేదని తనకి తాను చెప్పుకోడానికి కూడా వీల్లేదు, ఆ గోనెసంచి గుర్తుంది. బండి మంచి ఊపులో ఉంది, ఆపితే పోతుంది అనుకోవడం కూడా గుర్తుంది.

"మొదట ఏడుపొచ్చినాది" అంటోంది ముసలామె. "మళ్ళీ నేనే అనుకున్నాను. సామి బండి ఊరికే ఆగకుండా పోదు. లోపల ఎవలికో పేనం మీదికొచ్చుంటాది, నాకన్నా ఆపదలో ఉన్నోలు ఉంటారు, అని." ఆమె అతని మొహంలోకి చూసింది. "ఎవల్ని తీసుకెళ్ళేరు బాబూ నిన్న? బతికినారా?"

సన్యాసిరావు జవాబు చెప్పలేదు. నిన్న ఆ బండిలో అతనొక్కడే ఉన్నాడు. ట్యాంకు నింపించుకోడానికి పోతున్నాడు.

"పోనారా?" అంది ముసలామె జాలిగా. అతను మాట్లాడకపోవడం చూసి ఆమె అలా అనుకుంది. "మీరేటి సేస్తారు బాబూ. మీ పెయత్నం మీరు సేసేరు."

కొండ దిగాక గెడ్డ అడ్డమొచ్చింది. ఎండాకాలంలో చీలమండ తడవని ఏరు, నిన్న సులువుగానే దాటింది, రాత్రి వానకి ఇప్పుడు రోడ్డుమీదినుంచి ఎర్రగా పారుతోంది. అటూ ఇటూ బురద. ఈ నెలరోజుల్లో రెండుసార్లు దీన్ని చూసి సన్యాసిరావు బండి తిప్పేశాడు. గెడ్డ పొంగిందని ఆశ్రమంలో చెప్పాడు. చెప్పింది అబద్ధం కాదు, గెడ్డ పొంగింది. కాని మరిడయ్య అయితే దాటేవాడు.

అతను బురదలోకి దిగాడు. ముందు చక్రాల బిళ్ళలు తిప్పబోతే కదల్లేదు. నెలల తరబడి తిప్పక మట్టిపట్టి బిగుసుకుపోయాయి. వేళ్ళతో కాలేదు. రాయి తెచ్చి కొట్టాడు. చర్మం లేచిపోయింది. ఒకటి తిరిగింది. రెండోదాని దగ్గర అతను గట్టిగా, బూతులాంటి మాటొకటి తిట్టాడు. జీపుని తిట్టాడో తనని తిట్టుకున్నాడో గాని, అదీ తిరిగింది.

చిన్న గేరులో వేసి నీళ్ళలోకి దించాడు. ఇంజను ఏనుగులా అరిచింది. నల్లటి పొగ వెనకంతా కమ్మింది. ఒకచోట చక్రాలు ఊరికే తిరిగాయి. అతను యాక్సిలరేటరు ఇంకా తొక్కాడు. ముందు చక్రాలు ఎక్కడో రాతిని పట్టుకున్నాయి, బండి ఊగి ఊగి అవతలి ఒడ్డెక్కింది. ఆసుపత్రిదాకా అతని కాలు లేవలేదు. డీజిలు ముల్లు ఎటుందో చూడాలని కూడా అతనికి తోచలేదు.

ఆసుపత్రిలో డాక్టరు చిన్నవాడు. పిల్ల కనురెప్పలు ఎత్తి చూసి, "ఎప్పటినుంచి స్పృహ లేదు?" అన్నాడు.

"రేతిరినించి బాబూ."

"ఏమ్మా, పిల్లని చంపేద్దామనుకున్నావా? నిన్నే తీసుకురావాలని తెలీదా?"

ముసలామె తల వంచుకుంది. "తప్పయిపోనాది బాబూ" అంది.

సన్యాసిరావు ముందుకొచ్చాడు. "ఆవిడ తప్పు కాదండీ. నిన్న రోడ్డుమీదికి వచ్చింది. నేనే బండి ఆపలేదు." డాక్టరుకి అది వినే తీరిక లేదు. పిల్లని బల్లమీద పడుకోబెట్టమని నర్సుకి చెప్పి లోపలికి వెళ్ళిపోయాడు.

కాని ముసలామె వింది. సన్యాసిరావు మొహంలోకి చూసింది. అతని బట్టలనిండా బురద, చేతులనుంచి రక్తం. ఏదో అనబోయి, అనకుండా లోపలికి పోయింది. తిట్టినా బాగుండేదనిపించింది అతనికి.

ఆ పూటంతా అతను వరండాలో నిలబడే ఉన్నాడు. బియ్యం సంగతి గుర్తు రాలేదు. కూర్చోమంటే కూర్చోలేదు. సాయంత్రం నాలుగు దాటాక నర్సు బయటికొచ్చి, రమ్మన్నట్టు చెయ్యి ఊపింది.

లోపలికి వెళ్ళి చూశాడు. కాసేపు నిలబడ్డాడు. బయటికి వచ్చి గోడకి తల ఆనించి, పెద్దమనిషి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

తిరుగుదారిలో వాన వెలిసింది. సంత అయి కొండెక్కేవాళ్ళు రోడ్డు పక్కన నడుస్తున్నారు. సన్యాసిరావు ఆపాడు. వాళ్ళు ఆ బండి ఆగుతుందని నమ్మలేక, దారివ్వమంటున్నాడేమోనని ఇంకా పక్కకి జరిగారు. "ఎక్కండి" అని రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. ఉప్పు మూటలతో, కిరసనాయిలు డబ్బాలతో, ఒక మేకపోతుతో సహా ఎక్కారు. సీట్లు లేవుగా, రేకుమీదే చతికిలబడ్డారు. ఇంకొంత దూరం పోయాక ఇంకొందరు. జీపు మూలుగుతూ, పొగ కక్కుతూ పోతోంది.

సన్యాసిరావు మనసంతా గెడ్డ మీదే ఉంది. స్వామి అంత దూరం నడిచి ఉంటాడు. నీళ్ళు చూసి ఆగాడా? వెనకాల వస్తానన్న మనిషి, మాట కోసం దిగిపోయాడా? ఆ ఆలోచన రాగానే అతను బండి వేగం పెంచాడు.

గెడ్డలో నీరు కొంచెం తీసింది. అవతలి ఒడ్డున ఒక బండరాయిమీద తాతస్వామి కూర్చుని ఉన్నాడు. తడిసిన పంచె పిండి భుజాన ఆరేసుకుని, గోచీతో ఉన్నాడు. చలికి పెదవులు నీలంగా ఉన్నాయి. పక్కనే దాటలేక ఆగిపోయిన మనుషులు ముగ్గురు, వాళ్ళతో ఏదో కబుర్లు చెబుతున్నాడు.

సన్యాసిరావు బండిని నీళ్ళలోంచి రొప్పించుకుంటూ తెచ్చి ఆయన ముందు ఆపాడు. దిగాడు. కాళ్ళమీద పడదామనుకున్నాడు గాని, దగ్గరికి వచ్చేసరికి ఊరికే నిలబడిపోయాడు.

తాతస్వామి పొగ కక్కుతున్న జీపుని చూశాడు. లోపల కిక్కిరిసిన జనాన్నీ, వాళ్ళ మధ్యనుంచి తల బయటపెట్టిన మేకపోతునీ చూశాడు.

"ఇవాళ లీటరుకి ఎంతొచ్చింది నాయనా?" అన్నాడు.

"కళ్ళు తెరిచింది స్వామీ" అన్నాడు సన్యాసిరావు. "మామ్మా అని పిలిచింది."

తాతస్వామి ఇంకేమీ అడగలేదు. పంచె దులిపి కట్టుకుని, పక్కనున్న ముగ్గురినీ ముందు ఎక్కించి, వెనక రేకుమీద కాస్త చోటు చేసుకుని కూర్చున్నాడు.